కొండల్లేని ఊళ్లో కొండ సైకిలు

ధవళేశ్వరం దిగువన మన డెల్టాలో పైకెక్కాల్సిందంటూ ఉంటే అది ఏటిగట్టూ, కాలవ మీద వంతెనానండీ. అయినా ఏ సైకిలు షాపు కెళ్లినా ముందు వరసలో నిలబెట్టేవి ఎంటీబీలే, అంటే కొండ సైకిళ్లు. పిల్లోడు అడిగేదీ అదే. "డబల్ షాకండీ, డబల్ డిస్కండీ, 21 గేర్లండీ, పదివేల లోపే" అంటాడు షాపాయన. వేసవి సెలవుల్లో కొన్న ఆ సైకిలు సంక్రాంతికల్లా వీధరుగు మీద గాలిపోయి పడుంటే, పిల్లోడికి బద్ధకం అంటాం. నన్నడిగితే తప్పు చాలామట్టుకి సైకిలుదే.

అసలీ సైకిలు ఎక్కడ పుట్టిందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. 1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియా మారిన్ కౌంటీలో, కొందరు కుర్రోళ్లు లావు టైర్ల పాత సైకిళ్లేసుకుని కొండ మీంచి మట్టిదారిన దిగేవోళ్లు. కిందకొచ్చేసరికి వెనక హబ్బు బ్రేకులో గ్రీజు కాలి పొగైపోయేది, మళ్లీ గ్రీజు పెట్టుకోవాల్సొచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పని కోసమే ఫ్రేములు కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే మోడల్ తెచ్చి షాపుల్లో పెట్టింది. వాటిల్లో వేటికీ షాకులూ లేవు, డిస్కులూ లేవు. గట్టి ఫ్రేము, లావు టైరు, పట్టే బ్రేకు, నాలుగు గేర్లు. వాటితోనే కొండలు దిగారు.

మరి మన పుంతరోడ్డుకి షాకులెందుకండీ?

తక్కువ ధరలో వచ్చే షాకులో ఉత్త స్ప్రింగే ఉంటుంది. మోటారుసైకిలు ముందు ఫోర్కుల్లో నూనె పోస్తారు చూడండి, అది స్ప్రింగు ఎగదన్నకుండా అణచడానికి. ఈ చౌక సైకిళ్లల్లో ఆ ఏర్పాటు ఉండదు. షాపులోనే చూసుకోవచ్చు: ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ని గట్టిగా కిందకి నొక్కి వదలండి. మెల్లగా లేస్తే పర్లేదు. ఠక్కున ఎగిరిందా, ఆ షాకు బరువుకి తప్ప ఎందుకూ పనికిరాదు. సీటు కింద రెండో షాకు ఉంటే మరీ అన్యాయం, తొక్కిన తొక్కుడులో కొంత ఆ స్ప్రింగు నొక్కడానికే పోతుంది. అదే డబ్బుకి షాకు లేని గట్టి ఫోర్కు సైకిలు తీసుకుంటే మంచి చక్రాలు, మంచి బేరింగులు వస్తాయి. గతుకుల సంగతి లావు టైరే చూసుకుంటుంది. గట్టు మీదకెళ్లేప్పుడు కాస్త గాలి తగ్గిస్తే చాలు. ఎంతవరకు తగ్గించొచ్చో టైరు పక్కనే అచ్చేసుంటుంది.

బ్రేకుల దగ్గర మాత్రం షాపాయన మాటలో కొంత నిజముంది. వానాకాలం ఒండ్రు మట్టి రిమ్ముకంటుకుంటే మామూలు రబ్బరు బ్రేకులు జారిపోతాయి, రిమ్మునీ అరగదీస్తాయి. డిస్కుకి ఆ బాధ తక్కువ. కానీ చక్రం తిప్పి చూడండి, రేకు వంకరుంటే ఒకచోట రాసుకుని చప్పుడొస్తుంది. టైరుకీ ఫోర్కుకీ మధ్య వేలు పట్టేంత సందున్నా ఉండాలి. నల్లమట్టి అందులోనే ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది.

గేర్లంటారా, వెనక 7 ఉంటే మన నేలకి, సముద్రం నించొచ్చే ఎదురుగాలికి చాలు. ముందు 3 పళ్లచక్రాలు కలిపి 21 అని లెక్క చెబుతారు గానీ వాటిల్లో చాలావరకు ఒకదాన్ని పోలిందే ఇంకోటి.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది సైజు గురించండీ. "ఎదిగే పిల్లోడు కదా" అని చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది కొంటారు మనోళ్లు. 26, 27.5, 29 అనేవి చక్రం అంగుళాలు. ఫ్రేము సైజు వేరే ఉంటుంది, అది అడగాలి. పిల్లోడిని అడ్డకమ్మీకి అటో కాలు ఇటో కాలు వేయించి నించోబెట్టండి. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, కమ్మీకీ ఒంటికీ మధ్య రెండంగుళాలన్నా సందుండాలి. కాలవగట్టు మీద ఎదురుగా ట్రాక్టరొస్తే పక్కకి లాగి కాలు ఆనించాలి కదా. కాలందకపోతే పడేది నీళ్లల్లోకే.

ఇంకోటి. మన ఊరి పంచరు షాపులో ఎప్పుడూ దొరికేది పాత నల్ల సైకిలు 28 అంగుళాల ట్యూబు. 27.5కి అది సరిపోదు. కొన్నరోజే ఒక ట్యూబు అదనంగా కొని ఇంట్లో పెట్టుకోండి. వాల్వు మోటారుసైకిలు తరహాదైతే ఎక్కడన్నా గాలి కొట్టించుకోవచ్చు. అంతర్వేది, ఉప్పాడ వైపోళ్లయితే చువ్వలు స్టెయిన్‌లెస్‌వేనా అని అడగాలి. అల్యూమినియం ఫ్రేముకి తుప్పు పట్టదు గానీ ఉప్పుగాలికి చైనూ, బోల్టులూ వదిలిపెట్టవు, వారానికోసారి తుడిచి నూనె చుక్కలేయాలి.

రాజమండ్రి కుర్రోళ్లు కొందరు మారేడుమిల్లి ఘాటీ ఎక్కాలంటారు. అక్కడ లెక్క వేరండీ. మలుపుల్లో దిగుడుకి నిజంగా పట్టే డిస్కులు కావాలి. రాళ్లదారుల్లోకి దిగేటట్టయితే నూనెతోనో గాలితోనో పనిచేసే ముందు షాకూ కావాలి. దానికి ఈ పదివేలు సరిపోవు. అంత పెట్టలేకపోతే ఆ ఒక్కరోజుకి మంచి సైకిలు అద్దెకో అరువుకో తెచ్చుకోవడం నయం.

పెట్టెలో ఆన్‌లైన్లో తెప్పించుకుంటే బిగింపు మాత్రం మెకానిక్కు చేతనే చేయించండి. ముందు ఫోర్కు తిరగేసి బిగించిన సైకిళ్లు రోడ్ల మీద చాలానే తిరుగుతున్నాయి. ఫోర్కు చివర ముందుకి వంగుండాలి. వెనక్కి వంగుంటే ముందు చక్రం కాలి బొటనవేలికి తగులుతుంది, మలుపులో హ్యాండిల్ ఇరుక్కుంటుంది. అలాంటిది కనపడితే ఆ పిల్లోడిని ఆపి చెప్పండి, పానా ఉంటే పావుగంట పనే.