పల్లె విడిస్తే లాభమెంత? 'పేట' చేరితే ఖర్చెంత?

నూజెండ్ల: పిల్లల చదువు కోసం నరసరావుపేటకు మకాం మార్చాలా, వద్దా? మెట్ట సేద్యం చేసుకునే కుటుంబాలకు ఇది తేలికగా తెగే ప్రశ్న కాదు.

'పేట'లో సముద్రపు గాలి లేదు. ఎండలో పల్నాటి ఊళ్లకు ఏమాత్రం తీసిపోదు. అయితే 1950లో వెలసిన ఎస్.ఎస్.ఎన్. కళాశాల, గుంటూరు-గుంతకల్లు రైలు మార్గం, ఆసుపత్రులు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా కేంద్రం కావడంతో కలెక్టరు కార్యాలయమూ అక్కడే వెలసింది.

మరి ఖర్చు మాటేమిటి? సొంత ఊళ్లో అద్దె బాధ లేదు. పాడి ఉంటే పాలు కొననక్కరలేదు. పేటలో అద్దె, అడ్వాన్సు, పాలు, కూర అన్నింటికీ రొక్కమే. మిర్చి, పత్తి డబ్బు ఏడాదికోసారి చేతికొస్తుంది. అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. పొలం కౌలుకిస్తే దక్కేది కౌలు డబ్బే. పెద్దవాళ్లు ఊరు కదలమంటే రెండు పొయ్యిలు తప్పవు.

మధ్యేమార్గం వినుకొండ. అక్కడా రైలుంది, పొలానికి వచ్చిపోయే దూరం. ఇంటర్ వరకు అక్కడ చదివించి, ఆపై పిల్లలను పేట హాస్టలుకు పంపితే పొలం చేతిలోనే ఉంటుంది. నెల జీతం వచ్చే పని ముందుగా కుదిరిన వారికే కాపురం మార్చడం కలిసివస్తుంది.