చిన్న డబ్బా... పెద్ద గొంతు!

ఇంట్లో గిటారు వాయించుకునే కుర్రకారుకి ఏ ట్యూబ్ ఆంప్లిఫైయరు నప్పుతుంది?

సినిమాలో హీరోగారు కొండ అంచున నిలబడి ఎలక్ట్రిక్ గిటారు మీద చెయ్యి వేస్తారు. వైరు లేదు. ప్లగ్గు లేదు. చుట్టుపక్కల కరెంటు స్తంభమైనా లేదు. అయినా లోయంతా మారుమోగిపోతుంది! హాల్లో మనం ఈల వేసి చప్పట్లు కొడతాం. తప్పేముంది? సినిమా సినిమాయే!

చిక్కంతా ఇంటికొచ్చాకే. ఆ మోజులో జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో ఓ కుర్రాడు ఎలక్ట్రిక్ గిటారు కొని తెచ్చుకున్నాడనుకోండి. గుమ్మం దాటగానే విప్పి తీగ మీటుతాడు. వినిపించేది... దోమ పాట! ఎందుకంటే ఎలక్ట్రిక్ గిటారు నటుడు మాత్రమే. దానికి ప్లేబాక్ పాడేది ఆంప్లిఫైయరు. గొంతు మంచిదైతేనే నటుడు రాణిస్తాడని వేరే చెప్పాలా?

హిందీ 'కర్జ్' (1980)లో గిటారు మీద ఒక వరస పలికితే హీరోకి పూర్వజన్మ గుర్తుకొస్తుంది. తెలుగులో బాలకృష్ణ 'ఆత్మబలం' (1985)గా వచ్చింది ఆ కథే. మన కుర్రాడికి పూర్వజన్మతో పనిలేదు. ఆ గొంతు కావాలి, అంతే! స్నేహితులని అడిగాడు. "ట్యూబ్ ఆంప్ తీస్కో అన్నా, గదే అసలు సౌండ్" అన్నారు. ఎన్ని వాట్లది? "యాభై కన్నా తక్కువైతే ఏం మజా ఉంటది?"

ఇదిగో, సరిగ్గా ఇక్కడే డబ్బు గంగలో కలిసేది!

వాల్వులు మనకి కొత్తా?

ట్యూబ్ అన్నా, వాల్వ్ అన్నా ఒకటే. హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమా మాట నేర్చిన రోజుల నుంచి కొన్ని దశాబ్దాల పాటు, హాల్లో తెర వెనక స్పీకరుకి ప్రాణం పోసినవి ఈ గాజు బుడ్లే. సిరిసిల్ల బడిలో చదువుకున్న హనుమాజీపేట బిడ్డ సి. నారాయణరెడ్డిగారు 'గులేబకావళి కథ' (1962)తో సినిమా పాటలోకి అడుగుపెట్టినప్పుడు, ఆ పాటలు హాళ్లలో జనం చెవిన పడింది వాల్వుల గుండానే. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1960లలో మనదేశంలోనే రేడియో వాల్వులు తయారుచేశారు కూడా. మీ తాతగారిని అడిగి చూడండి. "స్విచ్చి వేసినంక రేడియో వేడెక్కేదాకా ఆగాలె" అని ఆయనే చెబుతారు.

1947లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో ట్రాన్సిస్టరు పుట్టింది. చిన్నది, చవకది, వేడెక్కదు. కాలక్రమేణా రేడియోల్లోంచి, మైకుసెట్లలోంచి వాల్వు సెలవు తీసుకుంది. గిటారు వాయించేవాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు. ఎందుకని?

తూము కథ

కాలువ మీద తూము చూశారు కదా. తలుపుని కాస్త అటూ ఇటూ కదిపితే చాలు, వెనకున్న బోలెడు నీరు ఆ కదలికకి తగ్గట్టు పారుతుంది. వాల్వు చేసేది అచ్చంగా ఇదే. లోపల వేడెక్కిన కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి. మధ్యలో గ్రిడ్ అనే జల్లెడ ఉంటుంది. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం ఆ జల్లెడని తూము తలుపులా ఆడిస్తుంది. అవతలి ప్లేటు మీదికి పెద్ద ప్రవాహం దూకుతుంది. చిన్న కదలిక పెద్ద కదలికయ్యింది!

మరి తియ్యదనం ఎక్కడిది? తూము మోయగలిగినదానికన్నా ఎక్కువ అడిగినప్పుడు పుడుతుంది. అప్పుడు ట్రాన్సిస్టరు అలని కత్తెర పెట్టి కోసినట్టు టపీమని నరికేస్తుంది. వాల్వు అలా కాదు, అంచుని మెల్లగా వంచుతుంది. ఆ వంపులో కొత్త స్వరాంశలు పుట్టి అసలు స్వరానికి తోడవుతాయి. గాయకుడు పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతులో వచ్చే చిన్న జీర లాంటిదది. మెల్లగా మీటితే మృదువుగా, గట్టిగా మీటితే గరుగ్గా, వేళ్లు ఎలా చెబితే అలా!

గమనించారా? వాల్వు తన శక్తి చివరికంటా పనిచేస్తేనే ఆ మజా. యాభై వాట్ల డబ్బా కొని పక్కింటికి భయపడి నాబ్ ఒకటి మీద పెట్టుకుంటే, దాని పవర్ ట్యూబులు కునుకు తీస్తుంటాయి. ఏనుగుని కొని పిల్లి పని చేయించినట్టు!

వాట్ల మాయ

అయిదు వాట్లదానికన్నా యాభై వాట్లది పదిరెట్లు బిగ్గరగా మోగుతుందా? మోగదు! మన చెవికి సుమారు రెండింతలుగా వినిపిస్తుంది, అంతే. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. పదిరెట్లయితే 10 డెసిబెల్స్.

ఇంకో లెక్క చూడండి. మామూలు గిటారు స్పీకరుకి ఒకే ఒక్క వాటు అందిస్తే, మీటరు దూరంలో దాదాపు 97 డెసిబెల్స్ వస్తుంది. సాంచెలు నడిచే షెడ్డులో మోత 90 దాటుతుంది. పక్కవాడి మాట వినాలంటే చెవి దగ్గర అరవాల్సిందే. అంటే ఒక్క వాటు ఆంప్ నిండా తెరిస్తే మీ గదిలో సాంచెల షెడ్డు దిగినట్టే! ఇక యాభై వాట్లు ఎవరికోసం, చెప్పండి?

పేరున్నవాళ్లు కూడా చిన్న డబ్బాని చిన్నచూపు చూడలేదు. ఎరిక్ క్లాప్టన్ 1970లో 'లైలా' ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు వాడినది ఫెండర్ వారి చాంప్. అయిదు వాట్ల చిన్న పెట్టె! దాన్ని తయారుచేసిన కంపెనీకి ఆద్యుడు లియో ఫెండర్, కాలిఫోర్నియాలో రేడియోలు రిపేరు చేసుకున్న మనిషి.

రాత్రి షిఫ్టు కాకా

సిరిసిల్లలో సాంచెల మోతకి అలవాటుపడ్డ చెవులకి గిటారు ఒక లెక్కా అనుకోకండి. రాత్రంతా షిఫ్టు నడిపి వచ్చిన కాకా పడుకునేది పగలే. ఆయనకి ఆ నిద్రే రాత్రి కూలి. మీరు మధ్యాహ్నం రెండింటికి యాభై వాట్లు తెరిస్తే చెదిరేది నిద్ర ఒక్కటే కాదు. కునుకుపాట్లతో యంత్రం ముందు నిలబడాల్సింది ఆయనే కదా! కోరుట్లలో వాకిట్లో బీడీలు చుడుతున్న అవ్వకి కూడా ఓపిక అంతంత మాత్రమే: "ఓ పిలగా! గా లొల్లి బంద్ జేస్తవా, మీ బాపుకు చెప్పాల్నా?"

చట్టం కూడా అవ్వ పక్షమే. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు.

మరైతే ఏది కొనాలి?

ఒక్క వాటువి: వరండాకి ఆనుకున్న గది, గోడకి గోడ కలిసిన ఇల్లు అయితే ఇదే మేలు. మార్షల్ డీఎస్ఎల్ 1, బ్లాక్‌స్టార్ హెచ్‌టీ 1 ఈ కోవలోవి. మార్షల్‌దాన్ని పదో వంతు వాటుకి కూడా దించుకోవచ్చు. లోటల్లా స్పీకరు చిన్నది, ఎనిమిది అంగుళాలే. గొంతు కాస్త డబ్బాలో పాడినట్టుంటుంది. పది, పన్నెండు అంగుళాల స్పీకరు పెట్టెకి కలిపి చూడండి. వాట్లు పెరగకుండానే గొంతు నిండుగా మారుతుంది.

నాలుగైదు వాట్లవి: సొంత గది, కాస్త ఖాళీ స్థలం ఉంటే. ఒకే ఒక ఈఎల్ 84 ట్యూబో, 6 వీ 6 ట్యూబో ఉండే రకం. మొదటిది వాక్స్ తరహా గలగల, రెండోది పాత ఫెండర్ తరహా గుండ్రని గొంతు. వాక్స్ ఏసీ 4 టీవీలో నాలుగు, ఒకటి, పావు వాటు అని మూడు మెట్లు పెట్టారు. ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి?

పదిహేను వాట్లవి: రెండు ఈఎల్ 84 ట్యూబులు. వాక్స్ ఏసీ 15, ఫెండర్ బ్లూస్ జూనియర్ లాంటివి. డ్రమ్స్ వాయించే మిత్రుడుంటే, కాలేజీ ఫంక్షన్ కలలుంటేనే దీని జోలికి పోండి. మాస్టర్ వాల్యూమ్ ఉండి తీరాలి. లేదా అటెన్యుయేటర్ అయినా కావాలి. తూము బాగా తెరిచి, పొలానికి అక్కర్లేని నీటిని పక్కకు మళ్లించినట్టు, అది ఎక్కువైన శక్తిని వేడిగా మార్చేసి మిగిలినదే స్పీకరుకి పంపుతుంది.

యాభై, వంద వాట్లవి: పోస్టరు చూసి ఆనందించండి!

ఇంకో కిటుకు. పెట్టె మీద 'ట్యూబ్' అని ఉండగానే మురిసిపోకండి. ముందు భాగంలో ఒకే ఒక్క 12 ఏఎక్స్ 7 ట్యూబు పెట్టి, పవర్ భాగమంతా ట్రాన్సిస్టర్లతో చేసేవి ఉన్నాయి. అవి చెడ్డవని కాదు. ఏది కొంటున్నామో తెలిసి కొనాలి. పవర్ ట్యూబు ఏదో అడగండి. జవాబు రాకపోతే నవ్వి ఊరుకోండి.

కరెంటుతో చెలగాటం వద్దు

ఇది మాత్రం నవ్వులాట కాదు. ట్యూబ్ ఆంప్ లోపల 300 వోల్టులకి పైనే ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు దాక్కునే ఉంటుంది. మూత విప్పి వేలు పెట్టే సరదా ప్రాణం మీదికి తెస్తుంది. రిపేరు తెలిసినవాళ్లకే వదలండి.

ఎర్తింగు సంగతి ముందు చూసుకోండి. గిటారు తీగలు ఆంప్ ఎర్తుకే కలిసి ఉంటాయి. ఆ తీగలు మీ వేళ్ల కింద ఉంటాయి! పాత ఇళ్లలో మూడో పిన్ను రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకున్నాకే ఆన్ చెయ్యండి. మూడో పిన్ను విరగ్గొట్టి గుచ్చడం ఆత్మహత్యా ప్రయత్నమే.

వోల్టేజి ఎక్కువ తక్కువలుంటే మంచి స్టెబిలైజరు కొనండి. స్పీకరు కలపకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చెయ్యొద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. వెనక 8 ఓమ్స్ అని ఉన్నచోట 8 ఓమ్స్ స్పీకరే కలపాలి. స్విచ్చి వేశాక అర నిమిషం, నిమిషం ఆగండి. తాతగారి రేడియోకి లేని తొందర మీకెందుకు?

దుబాయ్ అన్న తెస్తానంటే...

మన మూడూళ్లలో గల్ఫుకు పోని ఇల్లు ఎన్నని? ఒకప్పుడు టేప్‌రికార్డరు ఎలా వచ్చిందో ఇప్పుడు ఆంప్ కూడా అలాగే రావొచ్చు. దుబాయ్ కరెంటు మన లెక్కే, 50 సైకిళ్లు, 230 వోల్టుల దగ్గరే. పిన్ను మాత్రం మారుతుంది, వాళ్లది చదరం, మనది గుండ్రం. అమెరికా నుంచి బావ తెస్తే జాగ్రత్త! అక్కడిది 120 వోల్టులు. నేరుగా గుచ్చారా, పొగే మిగిలేది. ఆంప్ వెనక రాసి ఉన్న వోల్టేజి ఫోటో తీసి పంపమనండి. ఎండలో చెమటోడ్చిన అన్న జీతం ఒక్క స్విచ్చితో కాలిపోకూడదు కదా.

కొనేది మీరే అయితే వినకుండా కొనొద్దు. జగిత్యాల నుంచి హైదరాబాదు దాకా బస్సెక్కాల్సి వచ్చినా సరే, మీ గిటారు మీ వెంట తీసుకెళ్లండి. షాపులో బడాయికి నిండా తెరవకండి. ఇంట్లో పెట్టుకునే సౌండే పెట్టి పావుగంట వాయించండి. గిటారు వాల్యూమ్ సున్నా చేసి గుయ్‌మనే హోరు ఎంతుందో వినండి. ట్యూబులు అరిగే వస్తువులు. రోజూ గంట వాయించినా ఏళ్ల తరబడి వస్తాయి గానీ, మారిస్తే ఖర్చెంతో, మార్చేదెవరో ముందే అడిగి పెట్టుకోండి.

ట్యూబ్ ఎవరికి వద్దు?

నిజం చెప్పుకుందాం. మీరు వాయించేది రాత్రి పదకొండు దాటాకే అయితే, ఇంట్లో పసిపిల్లలుంటే, ట్యూబ్ ఆంప్ మీకు కాదు. మరీ మెల్లగా పెడితే స్పీకరు ఊపిరి తీసుకోదు, మన చెవికి మంద్రస్థాయి సరిగా ఆనదు. హెడ్‌ఫోన్ పెట్టుకునే ట్రాన్సిస్టరు ఆంప్ కొనండి. బోలెడు డబ్బు మిగులుతుంది, వేళ్లకి సాధనా మిగులుతుంది. ఇంకా నాలుగు కార్డ్స్ రానివాళ్లకి కూడా ఇదే సలహా. ఇందులో నామోషీ ఏమీ లేదు. మొదటి సినిమాలోనే డబుల్ యాక్షన్ ఎవరు చేశారు?

వేళ్లు తిరిగాక, తీగని మీరు ఎలా పలకరిస్తే అలా బదులు చెప్పే పెట్టె కావాలనిపించాక, అప్పుడు ఆ చిన్న డబ్బా కొనండి. సాయంత్రం ఆరింటికి తలుపు వేసి స్విచ్చి వెయ్యండి. గాజుబుడ్లో ఎర్రటి వెలుగు మెల్లగా రాజుకుంటుంది. నాబ్ నిండా తెరవనక్కర్లేదు, సగం చాలు. తీగ మీటండి. ఆ జీర, ఆ తీపి, అంతా మీదే! అటు పక్కింటి కాకా నిద్రలేచి, చాయ్ తాగి, షిఫ్టుకి బయల్దేరుతూ మీ కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగాడనుకోండి. "మంచిగున్నది పిలగా" అన్నాడనుకోండి...

వంద రోజుల షీల్డు అందుకున్నట్టే!