గుంటలా, సెంట్లా?

ఒక డేటాబేస్‌లో భూముల పట్టిక ఉందనుకోండి. అందులో ‘విస్తీర్ణం’ అనే కాలమ్, దాని కింద ఒక వరుసలో 2.20. తెలంగాణ లెక్కలో అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కనుక సరిగ్గా రెండున్నర ఎకరాలు. ఆంధ్ర లెక్కలో రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కనుక రెండున్నరకు ముప్పై సెంట్లు తక్కువ. కాలమ్ పేరు చూస్తే ఈ తేడా తెలియదు. కంప్యూటర్‌కు అసలే తెలియదు, కూడమంటే రెండు రకాలనూ కలిపి కూడేస్తుంది.

పట్టిక తయారు చేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. కానీ వాళ్లు బదిలీ అవుతారు, ఉద్యోగం మారతారు, రిటైరవుతారు. పట్టిక మాత్రం ఇరవై ఏళ్లయినా అక్కడే ఉంటుంది. వాళ్లకు తెలిసినదాన్ని డేటాబేస్‌లోనే దాచిపెట్టే ఏర్పాటు పేరు కామెంట్.

దీని పుట్టుక ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాల దాకా వెళ్తుంది. అక్కడ పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. అంతకుముందు ఏ రికార్డు ఎక్కడుందో, దేనితో ముడిపడిందో ప్రోగ్రాం రాసేవాడికి తెలిసి తీరాల్సి వచ్చేది. కాడ్ అన్నిటినీ పట్టికలుగా చూడమన్నాడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించడానికి సీక్వెల్ అనే భాషను ప్రకటించారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. 1985లో కాడ్ తన నియమాల జాబితా ప్రచురించాడు. అందులో నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టం: డేటాబేస్ తన గురించిన వివరాలను కూడా పట్టికల్లోనే ఉంచుకోవాలి, మామూలు డేటాను అడిగే భాషతోనే వాటినీ అడగగలగాలి. కామెంట్‌కు చోటు దొరికింది ఆ పట్టికల్లోనే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఆ చోటు పేరు ‘పీజీ డిస్క్రిప్షన్’. దానికి నాలుగే కాలమ్‌లు. వస్తువు అంతర్గత సంఖ్య, ఆ వస్తువు డేటాబేస్ సొంత వివరాల పట్టికల్లో (కేటలాగ్‌లలో) దేనికి చెందిందో చెప్పే సంఖ్య, కాలమ్ వరుస సంఖ్య, చివరిది మనం రాసిన వాక్యం. పట్టిక మొత్తానికి రాసిన కామెంట్ అయితే మూడో గడిలో సున్నా ఉంటుంది. ముడి పేరుతో కాక సంఖ్యతో పడింది కనుక రేపు కాలమ్ పేరు మార్చినా కామెంట్ దాన్ని వదలదు. ‘కామెంట్ ఆన్ కాలమ్’ అని మొదలుపెట్టి, కాలమ్ పేరు చెప్పి, ‘ఈజ్’ తర్వాత కోట్స్‌లో మన మాట రాస్తే చాలు. మళ్లీ రాస్తే పాతది పోయి కొత్తది నిలుస్తుంది. ‘నల్’ (అంటే ఖాళీ) ఇస్తే తుడిచిపెట్టుకుపోతుంది. కాలమ్‌ను తీసేస్తే దాంతోపాటే పోతుంది. బ్యాకప్ తీసినప్పుడు కామెంట్లూ వెంట వస్తాయి. వేరే ఫైల్లో రాసుకున్న వివరణ తరచూ పట్టిక కన్నా వెనకబడిపోతుంది, ఒక్కోసారి ఆ ఫైలే కనిపించకుండా పోతుంది. అందుకే నా ఓటు కామెంట్‌కే.

ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఈ కామెంట్ ఆజ్ఞ లేదు. అందుకని ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో దారి. ఒరాకిల్ దారి పోస్ట్‌గ్రెస్ దారిలాంటిదే. ఎస్‌క్యూఎల్ సర్వర్ వివరణను అదనపు లక్షణంగా భద్రపరుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో కామెంట్ కాలమ్ నిర్వచనంలోనే భాగం. దాన్ని మార్చాలంటే నిర్వచనమంతా తిరిగి రాయాలి. ఆ తిరగరాతలో ‘నాట్ నల్’ అనడం మరిచిపోతే, కామెంట్‌తోపాటు ఆ నిబంధన కూడా మారిపోయి ఖాళీ విలువలకు తలుపు తెరుచుకుంటుంది. అక్కడ పని చేసేవాళ్లు ముందు ఉన్న నిర్వచనాన్ని తెరమీదికి తెచ్చుకుని, అందులో కామెంట్ ముక్క ఒక్కటే మార్చడం మంచిది.

ఇంతకీ ఏం రాయాలి? ‘కస్టమర్ పేరు’ అనే కాలమ్‌కు ‘కస్టమర్ పేరు’ అని కామెంట్ రాస్తే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. పేరు చెప్పలేనిది రాయాలి: కొలమానం, కోడ్‌ల అర్థం, ఆ విలువ ఎక్కడినుంచి వస్తుందో, ఖాళీగా ఉంటే ఏమని అర్థం చేసుకోవాలో. ‘స్థితి’ కాలమ్‌లో 3 అంటే తిరస్కరించినదా, వాయిదా వేసినదా? కాలమ్‌ను సృష్టించిన రోజే రాస్తే రెండు నిమిషాల పని. పాస్‌వర్డ్‌లు, రహస్యాలు మాత్రం పొరపాటున కూడా రాయకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక డేటాబేస్‌లోకి రాగలిగిన ప్రతి యూజరూ అక్కడి కామెంట్లన్నీ చదవగలడు. పట్టికను చూసే అనుమతి లేనివాడికి కూడా దానిమీది కామెంట్ కనబడుతుంది.

కామెంట్లు తెలుగులో రాయవచ్చు, రాయాలి కూడా. పట్టిక వాడే గుమాస్తా తెలుగులో ఆలోచిస్తున్నప్పుడు వివరణ ఇంకో భాషలో ఎందుకుండాలి? యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కో తెలుగు చిహ్నానికి మూడు బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడి చిహ్నాలే కనుక ‘క్షే’ ఒక్కటే పన్నెండు బైట్లు. పోస్ట్‌గ్రెస్‌లో పేరుకు మామూలుగా 63 బైట్లే అనుమతి, అంటే 21 తెలుగు చిహ్నాలు. కామెంట్‌కు అంత ఇరుకు లేదు: ఒరాకిల్‌లో దానికి 4000 బైట్లు ఉన్నాయి, వెయ్యికి పైగా తెలుగు చిహ్నాలు ఇముడుతాయి. ‘ఈ విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంది, చుక్క తర్వాతి రెండు అంకెలు గుంటలు, దశాంశం కాదు’ అని పూర్తిగా రాసినా ఇంకా బోలెడు చోటు మిగులుతుంది.