కొమ్మను బట్టి కాళ్లు

కరీబియన్ సముద్రంలోని క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టోరికో దీవుల్లో అనోల్ బల్లులు వందకు పైగా రకాలున్నాయి. ఒకే చోట నాలుగైదు రకాలు కలిసి బతకగలుగుతున్నాయంటే, చెట్టును అవి వాటాలు వేసుకోవడమే కారణం.

మాను మొదట్లో ఉండే రకం తలకిందులుగా కరుచుకుని నేలకేసి చూస్తూ ఉంటుంది. పురుగు కదలగానే పొడవాటి వెనక కాళ్లతో ఒక్క దూకు దూకుతుంది. సన్నని పుల్లల మీద తిరిగే రకానికి కాళ్లూ తోకా పొట్టి; బెరడు రంగులో కలిసిపోయి మెల్లగా పాకుతుంది. గడ్డిలో, పొదల్లో ఉండేదానికి సన్నని ఒళ్లు, బారెడు తోక. చిటారు కొమ్మల్లో ఉండేది భారీ రకం. క్యూబాలో అది తోకతో కలిపి అర మీటరు దాకా పెరుగుతుంది.

ఈ తేడాలకు మూలం పట్టూ పరుగూ. వెడల్పాటి మాను మీద పొడవు కాళ్లు వేగాన్నిస్తాయి. పుల్ల మీద అవే తడబడతాయి. అక్కడ పొట్టి కాళ్లదే నిలకడ.

విచిత్రమేమిటంటే ఇవే రూపాలు దాదాపు ప్రతి దీవిలోనూ ఉన్నాయి. జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ విలియమ్స్ 1972లో వీటికి ‘ఎకోమార్ఫ్’లని పేరు పెట్టాడు. క్యూబా పుల్లబల్లి, జమైకా పుల్లబల్లి దగ్గరి చుట్టాలనే అనిపిస్తుంది. కానీ జొనాథన్ లోసోస్ బృందం 1998లో ప్రచురించిన డీఎన్‌ఏ పరిశోధన వేరే సంగతి చెప్పింది. జమైకా పుల్లబల్లికి అసలు చుట్టాలు జమైకాలోని తక్కిన అనోల్‌లే. అంటే ఒకే అవసరం, ఏ దీవికా దీవిలో విడిగా, ఒకే రూపాన్ని మలిచింది.

ఈ మలచడం ఇప్పటికీ ఆగలేదు. 2017లో టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో పరిశోధకుడు కాలిన్ డోనిహ్యూ బృందం అనోల్‌లను కొలిచిన కొద్ది రోజులకే ఇర్మా, ఆ వెంటనే మరియా తుపానులు విరుచుకుపడ్డాయి. తర్వాత మళ్లీ కొలిస్తే, మిగిలిన బల్లుల వేళ్ల మెత్తలు సగటున పెద్దవి, ముందు కాళ్లు పొడవు, వెనక తొడలు పొట్టి. మన ఇంటి బల్లి గోడను పట్టుకునేదీ ఇలాంటి మెత్తలతోనే.

కారణం తేల్చడానికి ఒక కర్రకు బల్లిని పట్టించి, ఆకులు ఊడ్చే యంత్రంతో గాలి కొట్టారు. అది కర్ర చాటుకు తిరిగి ముందు కాళ్లతో గట్టిగా కరుచుకుంది. వెనక తొడలు తెరచాపలా గాలికి లేవడంతో చివరికి బల్లి మెత్తటి వలలో పడింది. ఆ తొడలు పొట్టిగా ఉంటే గాలి దెబ్బ తక్కువ. మెత్తలు పెద్దవైతే పట్టు ఎక్కువ. తుపానుల తాకిడి ఎక్కువున్న ప్రాంతాల అనోల్‌లకు మెత్తలు పెద్దవిగా ఉంటాయని 2020లో అదే బృందం చూపింది.