ప్రాణవాయువునకు పడికట్టు

విజయవాడనుండి ఇబ్రహీంపట్నము మీదుగా మైలవరము పోవు దారిలో జి.కొండూరు అను గ్రామము కలదు. అది కృష్ణాజిల్లా మెట్టసీమలోనిది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఈ ప్రాంతమున మామిడితోటలు మెండు. వేసవిలో బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు ఇచ్చటినుండి నలుదెసలకు తరలిపోవును. మెట్టసీమ యగుటచే బావులు లోతుగా నుండును. పాడువడిన బావిలో పూడిక తీయవలసినప్పుడు, అనుభవజ్ఞులైన పెద్దలు మొదట మనిషిని దింపరు. వెలిగించిన లాంతరును త్రాటికి కట్టి దింపుదురు. దీపము ఆరిపోయినచో లోపల ప్రాణవాయువు చాలదని గ్రహించి వెనుదిరుగుదురు.

ఆ దీపము గాలిని పరీక్షించు తొలి సాధనములలో నొకటి. కాని దాని మాటను పూర్తిగా నమ్మరాదు. బయటి పొడిగాలిలో నూటికి సుమారు 20.9 పాళ్లు ప్రాణవాయువు ఉండును. 19.5 పాళ్లకు తగ్గినచో ఆ చోటు మానవునకు క్షేమకరము కాదని నేటి నియమములు చెప్పుచున్నవి. దీపమో, సుమారు 16 పాళ్ల వరకును వెలుగుచునే యుండును. విషవాయువు లున్నను వెలుగవచ్చును. మండెడి వాయువున్నచో దీపమే ప్రమాదమునకు కారణమగును. అదియుగాక అది ‘ఉన్నది’, ‘లేదు’ అను రెండు మాటలే చెప్పగలదు. ‘ఎంత’ అని చెప్పజాలదు.

‘ఎంత’ అను ప్రశ్నకు సరియైన జవాబు కావలసిన చోటులు పెక్కులు గలవు. చెట్టునుండి కోసిన పిమ్మటను మామిడికాయ ప్రాణముతోనే యుండును. అది ప్రాణవాయువును గ్రహించి, బొగ్గుపులుసు వాయువును, వేడిమిని విడుచుచుండును. ఆ శ్వాసను మందగింపజేసినచో పండుట ఆలస్యమై, కాయ చాలనాళ్లు నిలువయుండును. ఆపిలుపండ్ల విషయమున కిడ్, వెస్ట్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించిరి. మామిడిని పరీక్షించు ప్రయోగశాలలలో గాలి చొరని పెట్టె వంటి గదిని అమర్చి, అందు ప్రాణవాయువును 3 మొదలు 5 పాళ్ల వరకు నిలుపుదురు. 2 పాళ్లకు దిగువకు పోయినచో కాయకు ఊపిరి సలుపదు. లోపల పులిసి, సారాయి వాసన పుట్టి, రుచి చెడును. మంచికి చెడ్డకు నడుమ నున్న ఎడము ఒకటి రెండు పాళ్లు మాత్రమే!

ఆ స్వల్పభేదమును కనిపెట్టు సాధనమే ఆక్సిజన్ సెన్సారు. ఇందు పలు రకములు కలవు. వానిలో నొకటి చిన్న విద్యుద్ఘటము వంటిది. క్షారద్రవములో ఒక సీసపు పలకయు, బంగారము వంటి లోహపు పలకయు నుండును. పలుచని టెఫ్లాను పొరగుండా ప్రాణవాయువు లోనికి ప్రవేశించును. ఎంత వాయువు చొచ్చునో అంత విద్యుత్తు పుట్టును. కాని ఈ పనిలో సీసము క్రమముగా వ్యయమగును. పొరపై ధూళియు, తేమయు చేరును. కావున నిన్న సత్యము పలికిన సాధనము కొన్ని మాసములకు తప్పు పలుకవచ్చును. దానిని మాటిమాటికి సరిచూచుటయే ప్రమాణీకరణము.

ఈ పని కొత్తదేమియు కాదు. మామిడికాయలు తూచు కాటావద్ద రైతు మొదట ఏమి చూచును? ఖాళీ తట్టలతో ముల్లు నడుమ నిలుచునో లేదో చూచును. పిదప తూకమెరిగిన పడికట్టురాతిని వేసి చూచును. ఈ రెండు పరీక్షలలో నిలిచిన కాటాను నమ్మవచ్చును. సెన్సారునకును ఇవే రెండు పరీక్షలు. అయితే ఇచ్చట పడికట్టు రాయి కాదు, వాయువు.

మొదట సాధనమును వేడిమి మారని చోట కొంతసేపు నిలుకడ చెందనిత్తురు. పిదప స్వచ్ఛమైన నత్రజనిని మెల్లగా దానిపై ప్రసరింపజేయుదురు. అందు ప్రాణవాయువు లేదు గనుక అంకె దిగి దిగి నిలిచిన చోటును సున్నగా దిద్దుదురు. తరువాత పొడిగాలిని పంపి, అంకె నిలిచిన పిమ్మట 20.9గా దిద్దుదురు. కడపట, ప్రాణవాయువు 5 పాళ్లే గలదని ధ్రువపత్రము పొందిన మిశ్రమవాయువును పంపి, ఏమియు దిద్దక చూతురు. సాధనము 5 అని చూపినచో పని సఫలము. తేదీ, వేడిమి, చూపిన అంకెలు పుస్తకమున వ్రాసి యుంతురు.

కొందరు తొందరపడి సున్నను విడిచి, గాలితో మాత్రమే సరిచూతురు. దాని ఫలము చూడుడు. ప్రాణవాయువు లేనప్పుడు 2 చూపు సెన్సారును గాలిలో 20.9కి దిద్దినా రనుకొందము. గాలిలో అది నిర్దోషముగా కనబడును. కాని గదిలో అది 3 చూపునప్పుడు నిజముగా నున్నది సుమారు 1.1 పాళ్లే. కాపలాయున్నవాడు అంకెను చూచి నిశ్చింతగా నుండును. లోపల కాయలు పులియుచుండును.

గాలియు ఒక్క తీరున నుండదు. 30 డిగ్రీల వేడిమిలో తేమ నిండిన గాలియందు నీటియావిరి చోటు ఆక్రమించుటచే, ప్రాణవాయువు సుమారు 20.1 పాళ్లకు తగ్గును. అందుచేతనే పొడిగాలి వాడవలెనందురు. ఎత్తు పెరిగినకొలది గాలి ఒత్తిడి తగ్గును. విజయవాడలో సరిదిద్దిన సెన్సారును 1,200 మీటర్లకు పైనున్న హార్స్‌లీ కొండలపైకి తీసికొనిపోయినచో సుమారు 18 చూపును. అచ్చట గాలిలో పాళ్లు మారలేదు, ఒత్తిడి మారినది. సాధనము కొలుచునది ఆ ఒత్తిడిలోని ప్రాణవాయువు వంతునే గదా!

మరి పడికట్టువాయువు సరియైనదని తెలియుట యెట్లు? దానిని అంతకంటె మేలైన ప్రమాణముతో పోల్చవలెను. ఇట్టి పోలికల గొలుసునకు మన దేశమున కొనయైనది, 1947లో శంకుస్థాపన జరిగిన న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దేశమునకు మూలప్రమాణములను కాపాడు సంస్థ యదియే.

ఇందు పండ్ల మాటయే కాక ప్రాణముల మాటయు కలదు. ప్రాణవాయువు 3 పాళ్లే యున్న గదిలో అడుగిడిన మనిషి, రెండు మూడు ఊపిరులలోనే స్పృహ తప్పి పడిపోవును. నత్రజనికి రంగు లేదు, వాసన లేదు; ముక్కు హెచ్చరింపదు. అందువలన ప్రమాణీకరణమును గాలి బాగుగా ఆడు చోటనే చేయుదురు. తలుపు తెరచి, గాలి నింపి, సెన్సారు 20.9కి చేరుదాక ఎవ్వరును లోపలికి పోరు. ఆ అంకె అబద్ధమైనచో లోపలికి పోయినవాడు తిరిగి రాకపోవచ్చును. నాడు బావిలోనికి లాంతరు దింపిన పెద్దకును, నేడు నత్రజనితో సున్నను దిద్దు శాస్త్రజ్ఞునకును ఉద్దేశ్య మొక్కటియే: మనిషిని పంపుటకు ముందు సాధనమును పంపుట, సాధనమును నమ్ముటకు ముందు దానిని పరీక్షించుట.