నీళ్లలో కలిసిన యాంటీబయాటిక్‌ను అయస్కాంతంతో తీయొచ్చా?

జ్వరమొస్తే మెడికల్ షాపులో నాలుగు మాత్రలు అడిగి తెచ్చుకోవడం, కాస్త తగ్గగానే మానేయడం కార్వేటినగరం నుంచి హైదరాబాద్ దాకా చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. ఆవుకు పొదుగువాపు వస్తే వేయించే ఇంజెక్షన్లలోనూ యాంటీబయాటిక్ ఉంటుంది. ఈ మందు అంతా ఒంట్లోనే అరిగిపోదు. కొంత మూత్రంలో, పేడలో బయటికొచ్చి కాలువలకు, చెరువులకు చేరుతుంది.

పటాన్‌చెరులో ఏం తేలింది?

మందులు తయారయ్యే చోట నీళ్లలో కలిసేది ఇంకా ఎక్కువ. హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో 2007 నాటికి సుమారు 90 మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేస్తున్న ప్లాంటు ఉంది. అక్కడి నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాక కూడా ఇదీ పరిస్థితి.

మనకేంటి నష్టం?

మందున్న నీటిలో బలహీనమైన క్రిములు చస్తాయి. తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి, ఆ శక్తిని పక్క క్రిములకూ అందిస్తాయి. రేపు మన పిల్లలకు అలాంటి క్రిమి సోకితే మామూలు మందు పనిచేయదు.

జెల్ ఎలా పనిచేస్తుంది?

షర్బత్‌లో వేసిన సబ్జా గింజలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి కదా, హైడ్రోజెల్ కూడా అలాంటిదే. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ లాంటి వాటితో దీన్ని చేస్తారు. ఉబ్బిన జెల్‌లోకి నీటితో పాటు వెళ్లిన మందు అక్కడే అతుక్కుంటుంది. జెల్‌లో ముందే సన్నని ఐరన్ ఆక్సైడ్ రేణువులు కలిపి ఉంచుతారు కాబట్టి, పని అయ్యాక అయస్కాంతం పెడితే మందుతో సహా జెల్ పక్కకొచ్చేస్తుంది. దాన్ని కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

చిక్కులూ ఉన్నాయి. ఫ్యాక్టరీ నీటిలో ఉప్పులు, ఇతర రసాయనాలు ఎక్కువగా ఉంటే జెల్ పట్టుకునే మందు తగ్గిపోవచ్చు. కడిగిన నీటిలో చేరిన మందును మళ్లీ నాశనం చేయాలి. అందుకే ఈ పద్ధతిపై పని ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే సాగుతోంది. వాడితే నదిలో కలిశాక కాదు, ఫ్యాక్టరీ గడప దగ్గరే వాడాలి.

రూల్ ఏది?

వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంత దాటకూడదో చెబుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్‌లో ఈ విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. పరిమితి లేనంతవరకు ఎంత మంచి జెల్ వచ్చినా కంపెనీలు కొనాల్సిన పని ఉండదు.

ఇంట్లో చేయగలిగింది

డాక్టర్ రాయకుండా యాంటీబయాటిక్ కొనొద్దు. రాసిస్తే చెప్పినన్ని రోజులూ వాడాలి. మిగిలిన మాత్రలను సింకులో, కాలువలో పడేయొద్దు. పశువుకు మందు వేయిస్తే, పశువైద్యుడు చెప్పిన గడువు దాటే దాకా ఆ పాలు వాడకూడదు, అమ్మకూడదు.