హోటల్ గడప దగ్గర ఆగిన అడుగు

హలాల్ సంపాదన, హలాల్ భోజనం గురించి మన మస్జిదుల్లో తరచూ వింటుంటాం. కాని పరాయి ఊళ్ళో ఆకలి వేసినప్పుడు ఎదురుగా ఉన్న కొత్త హోటల్లోకి వెళ్ళవచ్చా, లేదా అనే ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. అందువల్ల కొందరు అడగకుండా ఏదైనా తినేస్తారు. మరికొందరు అడగకుండానే అన్నీ మానేస్తారు. నేను చాలా ఏళ్ళు ఈ రెండవ కోవలో ఉన్నాను. దాన్నే 'తఖ్వా' అనుకున్నాను.

మా జుక్కల్ మూడు రాష్ట్రాల సరిహద్దు ప్రాంతం. ఒకవైపు మహారాష్ట్రలోని దెగ్లూర్, మరోవైపు కర్ణాటకలోని ఔరాద్. బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం కలిసి వినిపిస్తాయి. పెద్ద వైద్యం కావాలంటే మాత్రం నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో పోవలసిందే. ఇంటి నుండి తీసుకెళ్ళే రొట్టెల మూట ఒక పూటకే సరిపోతుంది.

కొన్నేళ్ళ క్రితం అమ్మీని తీసుకుని నిజామాబాద్ బయలుదేరాను. అమ్మీకి చక్కెర వ్యాధి. పొద్దున్నే మాత్ర వేసుకుంది గాని, బస్సు తప్పిపోతుందనే తొందరలో ఏమీ తినలేదు. బిచ్కుంద మీదుగా బాన్సువాడ చేరేసరికి పది దాటింది. దగ్గర్లో ఒక చిన్న శాకాహార హోటల్లో ఇడ్లీలు దించుతున్నారు.

"బేటా, రెండు ఇడ్లీలు తిందామా?" అంది అమ్మీ.

"ఎవరి గిన్నెలో, ఏం నూనెలో! నిజామాబాద్‌లో మనవాళ్ళ హోటల్ ఉంటుంది అమ్మీ, కాస్త ఓపిక పట్టండి" అన్నాను.

అమ్మీ మారు మాట్లాడలేదు. కాసేపటికి ఆమె చేతులు వణకసాగాయి, ఒళ్ళంతా చెమట పట్టింది, మాట తడబడింది. ఏం చేయాలో తోచక నేను కేకలు వేస్తుంటే ఆ హోటల్ యజమానే పరుగున వచ్చాడు. గ్లాసులో చక్కెర కలిపి తెచ్చాడు. ఇంకా స్పృహ ఉంది కనుక అమ్మీ తాగగలిగింది. కొంతసేపటికి తేరుకున్నాక ఆయనే ఇడ్లీలు పెట్టించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "మౌల్సాబ్, పెద్దమ్మను ముందే కూసోబెడితే అయిపోవు గదా" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ధర్మం చెప్పేది ఏమిటి?

ప్రాణం మీదికి వస్తే నిషిద్ధమైనది కూడా అవసరమైనంత మేరకు తినవచ్చని దివ్య ఖుర్‌ఆన్ అనుమతించింది (అల్ బఖరా: 173). కాని ఆ రోజు నా ముందున్న సమస్య అంతటిది కూడా కాదు. ఇడ్లీ ఎలాగూ హలాలే! బియ్యం, మినుములు, ఉప్పు - ఇందులో నిషిద్ధమేముంది? మాంసం కాని ఆహారం విషయంలో అసలు సూత్రం అనుమతి. నిషిద్ధ వస్తువు కలిసిందని తెలిస్తే తప్ప దాన్ని హరామ్ అనడానికి వీల్లేదు. చదువుకున్న నేనే ఈ పాఠాన్ని గడప దగ్గర మరచిపోయాను.

మాంసం సంగతి వేరు. జబీహా ఎవరు చేశారో, అల్లాహ్ పేరు స్మరించారో లేదో చూడవలసిందే. అయితే అక్కడ కూడా హద్దు ఉంది. కొత్తగా ఇస్లాం స్వీకరించిన కొందరు తెచ్చే మాంసం మీద అల్లాహ్ నామం పలికారో లేదో తెలియదని ప్రజలు అడిగినప్పుడు, మీరు బిస్మిల్లాహ్ అని తినండని దైవప్రవక్త (సల్లం) సెలవిచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఈ హదీసు బుఖారీలో ఉంది. అంటే ముస్లిం సోదరుడు ఇది హలాల్ అని చెబితే ఆధారం లేకుండా అనుమానించనవసరం లేదు. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని సూరా హుజురాత్ హెచ్చరిస్తున్నది కదా!

పాత్రల గురించి కూడా హదీసు ఉంది. గ్రంథప్రజల పాత్రల్లో తినవచ్చా అని హజ్రత్ అబూ సాలబా (రజి) అడిగితే, వేరేవి దొరికితే వాటిలో తినమని, దొరక్కపోతే వాటినే కడిగి వాడుకోమని ప్రవక్త (సల్లం) చెప్పారు. పాత్రకు కడగడం అనే మార్గం చూపారే గాని, ఆకలితో ఉండమనలేదు.

మద్యం విషయంలో మాత్రం సడలింపు లేదు. మద్యం తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని తిర్మిజీ హదీసు. కనుక బార్ కలిసి ఉన్న రెస్టారెంటు ఎంత బాగున్నా మనది కాదు.

అడగడంలో తప్పు లేదు

తిరుగు ప్రయాణంలో అమ్మీని అదే హోటల్‌కు తీసుకెళ్ళాను. డెబ్బై ఏళ్ళ వయసులో ఆమె తనంతట తాను హోటల్ బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు. వంటగది చూడవచ్చా అని మర్యాదగా అడిగితే యజమాని నవ్వుతూ లోపలికి తీసుకెళ్ళాడు. అంత పరిశుభ్రత మా ఇంట్లో కూడా లేదని అమ్మీ అంది!

ఆ తర్వాత మరోసారి కుటుంబమంతా నాందేడ్ వైపు వెళ్తూ 161వ జాతీయ రహదారి పక్కన దాబాలో ఆగాం. చికెన్ హలాలేనా అని అడగ్గానే పనిచేసే పిల్లవాడు "హలాలే" అనేశాడు. లోపలి నుండి యజమాని వచ్చి, "సాబ్, ఇయ్యాల కోడి వేరే దుకాణం నుంచి వచ్చింది. ఎవరు కోసిన్రో నాకు తెల్వదు. అబద్ధం ఎందుకు చెప్పాలె? పప్పు, జొన్నరొట్టె తినుండ్రి" అన్నాడు. పప్పు గరిటె, మాంసం గరిటె వేరువేరని చూపించాడు కూడా. మేము అదే తిన్నాం. కోపంగా నిలదీసి ఉంటే ఆ నిజం మాకు దొరికేది కాదు. మా ఇంటావిడ రెండు రొట్టెలు తిని, "పొయ్యి దగ్గర లేవకుండా వేడి రొట్టె తినడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి" అంది. ఆమె నవ్వుతూనే అంది. నేను మాత్రం తల దించుకున్నాను.

కొత్త హోటల్లో అడుగు పెట్టేటప్పుడు మూడు సంగతులు అడిగితే చాలు. మాంసం ఎక్కడిది, ఎవరు జబీహా చేశారు? చికెన్ వేయించిన నూనెలోనే భజ్జీలు, పకోడీలు వేస్తున్నారా? మద్యం వడ్డిస్తారా? జవాబు తృప్తికరంగా లేకపోతే అన్నం, పప్పు, పెరుగు ఉండనే ఉన్నాయి. గోడమీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు కనిపిస్తే అది 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చినదని, జబీహాకు అది సాక్ష్యం కాదని గుర్తుంచుకోవాలి. అలాగే '786' బోర్డు చూసి కళ్ళు మూసుకోవడం కూడా తగదు. ఆ బోర్డు పెట్టిన మన సోదరులు శుభ్రత, నిజాయితీ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వారు అమ్మేది భోజనమే కాదు, మన నమ్మకం కూడా.

చక్కెర వ్యాధి ఉన్నవారిని వెంట తీసుకెళ్ళేవారు జేబులో కాస్త చక్కెర ఉంచుకోండి. మాత్ర వేసిన తర్వాత భోజనం ఆలస్యం చేయకండి.

హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, మధ్యలో సందేహాస్పద విషయాలున్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని కాపాడుకున్నాడని ప్రవక్త (సల్లం) బోధించారు. అయితే స్పష్టమైన హలాల్‌ను మన భయంతో సందేహాస్పదం చేసుకోవడం ఈ బోధనలో లేదు. అలా చేసిన నాడు ఆకలితో ఉండేది మనం కాదు, మన వెంట ఉన్న వృద్ధులు, స్త్రీలు, పిల్లలు.

అల్లాహ్ మనకు ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారాన్ని ప్రసాదించుగాక! మన పొరుగువారి పట్ల మంచి తలంపును కలిగించుగాక! ఆమీన్.